వెనక షాక్‌కి బురద: కవర్ తొడగాలా, ఫ్లాప్ కట్టాలా, మడ్‌గార్డ్ చాలా?

తొలకరి పడగానే ముందూ వెనకా కుదుపు మింగే ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లున్న వాళ్ల మధ్య ఏటా ఒకే చర్చ మొదలవుతుంది: వెనక షాక్‌కి, అంటే వెనక చక్రం కుదుపుల్ని మింగే గొట్టానికి, కవర్ కొనాలా వద్దా? కొనమనేవాళ్లున్నారు, పాత ట్యూబు ముక్క చాలనేవాళ్లున్నారు, ఏమీ అక్కర్లేదు, తుడుచుకుంటే పోతుందనేవాళ్లూ ఉన్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. తెలుగు నేల మీద సైకిల్ తొక్కే వాళ్లలో ఎక్కువమందికి షాక్‌కి తొడిగే కవర్ కంటే టైరుకీ షాక్‌కీ మధ్య కట్టే రబ్బరు ఫ్లాప్ మేలు. దానికి తోడు రైడ్ అయ్యాక గుడ్డతో షాఫ్ట్ తుడిచే అలవాటు ఉండాలి. కవర్ పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు, కానీ తక్కువ. పైగా ఫ్రేమ్‌ని బట్టి, తొక్కే నేలని బట్టి సమాధానం కొంత మారుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు బురద చేసే హాని ఏమిటి

గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ షాక్‌లో లోపలికీ బయటికీ జారే నున్నటి భాగాన్ని వాడుకలో షాఫ్ట్ అంటున్నాం. అది ఎయిర్ క్యాన్‌లోకి, అంటే గాలి నింపే డబ్బాలోకి, దూరే చోట, క్యాన్ మూతి దగ్గర, ఒక సన్నటి వైపర్ సీల్ ఉంటుంది. దాని వెనకే గాలిని పట్టి ఉంచే అసలు సీల్. ముందు ఫోర్క్‌లో గాలి మామూలుగా 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) లోపే ఉంటుంది. షాక్‌లో మాత్రం మనిషి బరువుని బట్టి 150, 200, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా కొట్టాల్సి వస్తుంది. అంత ఒత్తిడిని ఆపే సీల్ దగ్గరికి ఇసుక రేణువు చేరిందంటే ముందు లోపలి గ్రీజు మురికిపడుతుంది, తర్వాత సీల్ అరుగుతుంది, చివరికి షాఫ్ట్ మీద నిలువుగా గీతలు పడతాయి.

ఆ గీతల దగ్గరే అసలు ఖర్చు మొదలవుతుంది. అల్యూమినియం మీద చేసిన గట్టి అనోడైజింగ్ పూతే షాఫ్ట్‌కి రక్ష. ఫాక్స్ వాళ్ల ఖరీదైన షాకుల మీద బంగారు రంగులో కనిపించే కషిమా కోట్ కూడా అలాంటిదే, జపాన్‌లో చేసే పూత. పూత పైపైన మాసినా ఫర్వాలేదు. గోరు పెట్టి రాస్తే గోటికి తగిలేంత లోతుగా గీత పడితే మాత్రం ఎన్ని కొత్త సీళ్లు వేసినా గాలి నిలవదు. ఆ భాగమే మార్చాలి. మన దగ్గర అది షాపులో రెడీగా దొరికే సరుకు కాదు. ఆర్డర్ పెట్టి, వచ్చేదాకా సైకిల్ గోడకి ఆనించి కూర్చోవాలి.

ఇంకో సంగతి. వెనక చక్రం 150 మిల్లీమీటర్లు కదిలే సైకిల్లో షాక్ కదిలేది సుమారు 60 మిల్లీమీటర్లే. చక్రం పడే పాటంతా ఆ కొద్ది దూరంలోనే సర్దుకోవాలి. ఆ 60 మిల్లీమీటర్లలో ఎక్కడ గీత పడినా ప్రతి గుంతలోనూ సీల్ దాని మీదుగానే జారుతుంది.

బురద ఏ దారిన వస్తోంది

ఏదైనా కొనేముందు ఈ పని చెయ్యండి. బురదలో తొక్కి వచ్చాక, కడిగేముందు, సైకిల్ని పక్కకి ఆనించి షాక్ చుట్టూ పరిశీలనగా చూడండి. బురద ఏ వైపు దట్టంగా ఉందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

వెనక టైరు కింద పట్టిన మట్టి టైరు వెనక భాగం మీదుగా పైకి లేచి, పైభాగం దాటి, ముందుకి వచ్చి సీటు ట్యూబు (సీటు కింద నిలువుగా ఉండే ఫ్రేమ్ గొట్టం) మీద పడుతుంది. మీ వీపు మీద పడే చార టైరు వెనక వైపు నుంచి లేచింది. షాక్‌కి పట్టే బురద టైరు ముందు వైపు నుంచి విసిరింది. ఈ తేడా తెలియకే చాలామంది వెనక పొడుగాటి మడ్‌గార్డ్ పెట్టుకుని, షాక్‌కి ఇంకా బురద ఎందుకు పడుతోందా అనుకుంటారు. ఆ మడ్‌గార్డ్ ప్యాంటునీ వీపునీ కాపాడుతుంది. టైరుకీ సీటు ట్యూబుకీ మధ్య ఉన్న ఖాళీని మూస్తేనే షాక్‌కి రక్షణ.

ఇక డౌన్ ట్యూబు (హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) మీద, క్రాంక్ దగ్గరగా కిందికి షాక్ ఉండే ఫ్రేముల్లో ముందు టైరు విసిరే మట్టి కూడా కలుస్తుంది. వాటికి ముందు ఫోర్క్‌కి కట్టే చిన్న ప్లాస్టిక్ మడ్‌గార్డ్ నిజంగా పనిచేస్తుంది. టాప్ ట్యూబు (ఫ్రేమ్ పై గొట్టం) కింద అడ్డంగా పడుకున్న షాక్‌కి ఈ బాధలన్నీ తక్కువ. టైరు నుంచి దూరం, మధ్యలో సీటు ట్యూబే అడ్డు. అలాంటి సైకిల్ మీదైతే తుడుచుకుంటూ ఉండండి, చాలు. సీటు ట్యూబుని చీల్చుకుని టైరుకి ఎదురుగా నిలబడే షాకులకే ప్రమాదం ఎక్కువ. శాంటా క్రజ్ వాళ్ల నోమాడ్, బ్రాన్సన్ మోడళ్లలో షాక్‌ని కింది లింక్ నొక్కే లోయర్ లింక్ డిజైన్ వచ్చాక షాక్ ఉండేది అక్కడే.

రబ్బరు ఫ్లాప్

మోటోక్రాస్ బైకుల్లో వెనక టైరుకీ షాక్‌కీ మధ్య రబ్బరు ఫ్లాప్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. బురదలోనే బతికే బైకులు తయారుచేసేవాళ్లు షాక్‌కి సంచీ తొడగకుండా మధ్యలో తెర కట్టారు. సైకిల్‌కీ అదే సూత్రం. షాఫ్ట్ గాలికి తెరిచే ఉంటుంది, కంటికి కనిపిస్తూ ఉంటుంది, తడిసినా ఆరిపోతుంది. బురద మాత్రం దారిలోనే ఆగిపోతుంది.

కొన్ని ఫ్రేములకి కంపెనీయే అచ్చుపోసిన గార్డ్ ఇస్తుంది. మీ సైకిల్‌కి అది ఉంటే వేరేది వెతకొద్దు. లేకపోతే చేసుకోవడమే. సైకిల్ ట్యూబు కంటే మోటార్‌సైకిల్ పాత ట్యూబు మందంగా ఉంటుంది, టైరు గాలికి ఊగదు. ఏ పంక్చర్ షాపులో అడిగినా ఇస్తారు. చీల్చి, సబ్బుతో కడిగి, లోపలి తెల్లపొడి పోయాక టైరు కంటే వేలెడు వెడల్పు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. నాలుగు మూలలా చిల్లులు వెయ్యండి. ఆ చిల్లులు అంచుకి మరీ దగ్గరగా ఉంటే కేబుల్ టై రబ్బరుని కోసేస్తుంది, ఒక సెంటీమీటర్ లోపలికి వెయ్యండి.

కట్టే చోటులోనే కిటుకంతా ఉంది. ఫ్లాప్ పై అంచునీ కింది అంచునీ స్వింగ్‌ఆర్మ్‌కే, అంటే టైరుతోపాటు కదిలే భాగానికే కట్టగలిగితే, షాక్ ఎంత నొక్కుకున్నా టైరుకీ ఫ్లాప్‌కీ మధ్య దూరం మారదు. చక్రానికి ఇరువైపులా పైన ఉండే సీటు స్టేల మధ్య వంతెన, కింద ఉండే చెయిన్ స్టేల మధ్య వంతెన రెండూ ఉన్న ఫ్రేములకి ఇది సులువు. కింది వంతెన లేకపోతే ఒక అంచుని సీటు ట్యూబుకి కట్టక తప్పదు. అప్పుడు షాక్ పూర్తిగా కుంగినప్పుడు టైరు వచ్చి రబ్బరుని లాక్కునే ప్రమాదం ఉంది. పరీక్ష చెయ్యకుండా రైడ్‌కి వెళ్లొద్దు.

పరీక్ష ఇలా. ముందు ఎంత ప్రెషర్ ఉందో షాక్ పంపుతో చూసి రాసుకోండి. గాలి నెమ్మదిగా వదలండి, ఒక్కసారిగా వదిలితే లోపల ఎదురు దిశలో తోసే నెగటివ్ ఛాంబర్ అనే గదిలో గాలి చిక్కుకుని షాక్ కిందికి లాక్కుపోయి ఉండిపోవచ్చు. మధ్యమధ్యలో సీటు మీద కొద్దిగా నొక్కుతూ వదిలితే ఆ సమస్య రాదు. పూర్తిగా వదిలాక సీటుని చివరిదాకా నొక్కి పట్టుకుని, ఇంకొకరిని వెనక చక్రం తిప్పమనండి. ఫ్లాప్ టైరుకి గానీ షాక్‌ని నొక్కే రాకర్ లింక్‌కి గానీ తగులుతోందా చూడండి. మళ్లీ గాలి కొట్టేటప్పుడు ప్రతి 50 పీఎస్ఐకి ఆపి, షాక్‌ని కొద్దికొద్దిగా కొన్నిసార్లు నొక్కి వదలాలి, రెండు ఛాంబర్లూ సర్దుకుంటాయి. గాలికి బదులు స్ప్రింగ్ ఉండే కాయిల్ షాక్ అయితే ఆ స్ప్రింగ్ తీసి చూడాలి.

కేబుల్ టై కింద ఫ్రేమ్‌కి పారదర్శకంగా ఉండే ప్రొటెక్షన్ టేప్ ముక్క వెయ్యండి. టై కిందికి దూరిన మట్టి వానాకాలం ముగిసేసరికి కార్బన్ పెయింట్‌ని తినేస్తుంది.

ఫ్లాప్‌కి ఒక పెద్ద లోపం ఉంది. నల్లరేగడిలో అది పగ సాధిస్తుంది. గుంటూరు, కర్నూలు వైపు, ఆదిలాబాద్ వైపు రేగడి తడిసిందంటే టైరుకి పొరలు పొరలుగా అంటుకుని, ఫ్లాప్‌కీ టైరుకీ మధ్య కూరుకుపోయి చక్రాన్నే ఆపేస్తుంది. రేగడి నేలల్లో తొక్కేవాళ్లు ఫ్లాప్‌ని పొట్టిగా, టైరుకి బాగా ఎడంగా కట్టాలి. ఎడం కుదరకపోతే కట్టకపోవడమే మంచిది. తడి రేగడిలో తొక్కకపోవడం ఇంకా మంచిది, సైకిల్‌కీ దారికీ కూడా.

నియోప్రీన్ కవర్

నియోప్రీన్ అనే రబ్బరు గుడ్డతో చేసి, షాక్ చుట్టూ చుట్టి వెల్క్రోతో బిగించే మెత్తటి కవర్ ఇది. లిజార్డ్ స్కిన్స్ లాంటి కంపెనీలు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. వెయ్యడం నిమిషం పని, ఫ్రేమ్ ఎలాంటిదైనా సాధారణంగా పడుతుంది, రాళ్లు ఎగిరి తగిలినా షాఫ్ట్‌కి దెబ్బ తగలదు. చూడ్డానికి కూడా బాగుంటుంది. అందుకే అమ్ముడవుతుంది.

అయినా నేను దీన్ని రెండో స్థానంలో పెడతాను. నియోప్రీన్ నీళ్లని పూర్తిగా ఆపదు, వెల్క్రో కుట్టు దగ్గర, రెండు చివర్ల దగ్గర సన్నటి మట్టి కలిసిన నీరు లోపలికి దిగుతుంది. దిగింది తొందరగా బయటికి రాదు. షాక్ కదిలిన ప్రతిసారీ ఆ తడి గుడ్డ షాఫ్ట్‌ని రాస్తూనే ఉంటుంది. లోపల మొరం ఇసుక చేరితే షాఫ్ట్‌కి ఉప్పుకాగితం చుట్టినట్టే. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండలు శిథిలమై ఏర్పడిన మొరంలో క్వార్ట్జ్ రేణువులు నిండా ఉంటాయి. క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేల్ మీద 7. మామూలు ఉక్కునీ, పూత పోయిన అల్యూమినియాన్నీ తేలిగ్గా గీస్తుంది.

రెండో ఇబ్బంది, కవర్ కింద ఏం జరుగుతోందో కనిపించదు. షాఫ్ట్ మీద ఉండే రబ్బరు రింగ్ చూసి సాగ్ (మనం కూర్చోగానే షాక్ కుంగే దూరం) సరిచూసుకునే వీలు పోతుంది. సీల్ నుంచి నూనె కారుతుంటే బయటికి తెలిసేసరికే ఆలస్యం. కొన్ని షాకులకి షాక్ తిరిగి లేచే వేగాన్ని మార్చే రీబౌండ్ నాబ్, షాక్‌ని కదలకుండా బిగించే లాకౌట్ లివర్ కవర్ కిందకి పోతాయి. పక్కన డబ్బా ఉండే పిగ్గీబ్యాక్ షాకులకి అసలు సరిగ్గా కూర్చోదు.

ఎవరికి పనికొస్తుంది మరి? ప్రతి రైడ్ తర్వాత విప్పి, కవర్‌ని కడిగి, ఆరేసి, షాఫ్ట్ తుడిచి మళ్లీ వేసే ఓపిక ఉన్నవాళ్లకి. ఒక్కరోజు రేసులో బురద ఖాయమని తెలిసినప్పుడు. కారు వెనక ర్యాక్ మీద సైకిల్ కట్టి వానలో, దుమ్ములో హైదరాబాద్ నుంచి అరకు దాకా తీసుకెళ్లేటప్పుడైతే కచ్చితంగా. ప్రయాణంలో షాక్ కదలదు, కాబట్టి రాపిడి లేదు, కవర్ వల్ల వచ్చేదంతా లాభమే. దిగగానే తీసేసి తొక్కండి.

నియోప్రీన్ దొరక్క పాత సాక్సు తొడిగేవాళ్లని చూశాను. దయచేసి వద్దు. నూలు నీటిని పీల్చుకుని సీల్ మూతి దగ్గరే పట్టి ఉంచుతుంది.

మడ్‌గార్డ్‌లు

వీటి గురించి చెప్పాల్సింది తక్కువ. ముందు ఫోర్క్‌కి కట్టే చిన్న ప్లాస్టిక్ గార్డ్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, కళ్లలో బురద పడదు, ఫోర్క్ సీళ్లకి మంచిది, డౌన్ ట్యూబు మీద షాక్ ఉన్నవాళ్లకి అదనపు లాభం. ఎలాగూ పెట్టుకోండి. వెనక పెట్టే పొడుగాటి గార్డ్ ఎక్కువగా బ్రిటన్ లాంటి చోట, చలికాలమంతా తడి అడవుల్లో తొక్కేవాళ్ల అవసరం. అక్కడున్న మనవాళ్లకి అది తప్పనిసరి సామానే. ఇక్కడ సీటుకి తగిలించే గార్డులు రాళ్ల దారిలో ఊగి ఊగి విరుగుతాయి, షాక్‌కి వాటివల్ల ఒరిగేదీ లేదు.

షాక్ దాచిపెట్టిన ఫ్రేములు

కొత్త సైకిల్ కొనబోతున్నవాళ్లు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. 2021లో స్కాట్ కంపెనీ స్పార్క్ మోడల్‌ని మార్చినప్పుడు షాక్‌ని ఫ్రేమ్ లోపలికే పంపేసింది. స్విట్జర్లాండ్‌లో బోల్డ్ అనే కంపెనీ అంతకుముందే చేసిన ఆలోచన అది. ఆ కంపెనీలో స్కాట్‌కి పెద్ద వాటా ఉంది. బురద విషయంలో ఇంతకు మించిన రక్షణ లేదు. కింద మూత తీసి షాక్ చూసుకోవాలి. సాగ్ చూడ్డానికి బయట లింక్ దగ్గర ఒక సూచిక పెట్టారు. ప్రెషర్ మార్చాలన్నా, తుడవాలన్నా మూత తియ్యాలి, ఒక అడుగు ఎక్కువ. బురద కోసమే ఆ సైకిల్ కొనమని నేను చెప్పను, కానీ రెండు సైకిళ్ల మధ్య ఊగిసలాడుతుంటే, ఏడాదిలో నాలుగైదు నెలలు వానలో తొక్కేవాళ్లయితే, అటువైపు మొగ్గడం తప్పు కాదు.

ఏమీ పెట్టకుండా, శుభ్రంగా ఉంచుకోవడం

ఇది చవకైన దారి, బద్ధకం లేనివాళ్లకి మంచి దారి. ఎండాకాలంలో ఎర్రదుమ్ములో తొక్కేవాళ్లకి ఇదొక్కటే చాలు. పొడి దుమ్మును ఏ ఫ్లాపూ ఆపలేదు.

ఎండిన బురదని గుడ్డతో గీకొద్దు. ముందు మగ్గుతో నీళ్లు పోసి నాననివ్వండి. రేగడి ఎండితే పెంకులా గట్టిపడుతుంది, దానికి ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి. తర్వాత మెత్తటి బ్రష్, కొద్దిగా సబ్బు నీళ్లతో ఎయిర్ క్యాన్ మూతి చుట్టూ శుభ్రం చేసి, మెత్తటి పొడి గుడ్డతో షాఫ్ట్‌ని చుట్టూ తుడవండి. సీటు మీద నాలుగైదుసార్లు నొక్కండి. వైపర్ సీల్ షాఫ్ట్ మీద ఒక సన్నటి మట్టి గీతని వలయంలా వదులుతుంది. దాన్ని తుడిచేసి మళ్లీ నొక్కండి. వలయం రావడం ఆగేదాకా ఇదే పని. బురద సీల్ మూతి దగ్గర ఎంత దాక్కుంటుందో ఒక్కసారి కళ్లారా చూస్తే ఈ అలవాటు ఇక మానరు.

వాటర్ సర్వీసింగ్ షాపుల్లో గన్ పెట్టి కొట్టించొద్దు. ఆ ఒత్తిడికి నీళ్లూ ఇసుకా కలిసి వైపర్ దాటి లోపలికే వెళ్తాయి. కొట్టించక తప్పదంటే షాక్, ఫ్రేమ్ కీళ్లలోని పివట్ బేరింగులు, హబ్బులు వదిలేసి టైర్లు మాత్రం కొట్టించండి. తుప్పు వదిలించే స్ప్రేలు సీల్ దగ్గర కొట్టొద్దు, అవి లోపలి గ్రీజుని కడిగేస్తాయి. సస్పెన్షన్‌కి అమ్మే సిలికాన్ స్ప్రే వాడతామంటే గుడ్డ మీద కొట్టి షాఫ్ట్‌కి రాయండి. నేరుగా కొడితే తుంపర వెనక బ్రేక్ రోటర్ మీద పడి బ్రేకు పట్టదు. విశాఖ బీచ్ దగ్గర తొక్కేవాళ్లు బురద లేకపోయినా ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి, ఉప్పు ఆగదు.

ఎవరికి ఏది

హైదరాబాద్ చుట్టూ మొరం దారుల్లో, వికారాబాద్ ఎర్రమట్టిలో, టైరుకి దగ్గరగా షాక్ ఉన్న సైకిల్ మీద వానాకాలంలో తొక్కేవాళ్లు ఫ్లాప్ కట్టుకోండి. అరకు వైపు అక్టోబర్, నవంబర్ వానలదాకా ఉంచండి, అక్కడ వానాకాలం ఇంకా ముగియదు. టాప్ ట్యూబు కింద షాక్ ఉంటే ముందు మడ్‌గార్డ్, గుడ్డ. రేగడిలో ఎడంగా కట్టిన పొట్టి ఫ్లాప్, లేదా ఆ రోజుకి వేరే దారి. కాయిల్ షాక్ ఉన్నవాళ్లకి షాఫ్ట్ సన్నం, స్ప్రింగ్ చుట్ల మధ్య బురద కూరుకుపోతుంది. వాళ్లకి ఫ్లాప్ ఇంకా అవసరం. తక్కువ ధరకి డ్యూయల్ సస్పెన్షన్ అని అమ్మే సైకిళ్లలో వెనక ఉండేది చాలావరకు ఉత్త స్ప్రింగే. లోపల గాలీ లేదు, నూనే లేదు. దానికి ఏ రక్షణా కొనక్కర్లేదు, బోల్టుల దగ్గర గ్రీజు పెట్టండి చాలు.

వీటిలో ఏది ఎంచుకున్నా షాక్ రెండు చివర్ల బోల్టుల చుట్టూ ఉండే చిన్న గొట్టాలకి, అంటే బుషింగులకి, రక్షణ రాదు. ఫ్రేమ్‌కీ షాక్‌కీ కలిసే చోట వేలు ఆనించి, సీటు పట్టుకుని సైకిల్ని కొద్దిగా ఎత్తి దించండి. టక్ మని చిన్న కదలిక వేలికి తెలిస్తే బుషింగ్ అరిగిందని అర్థం.

సర్వీస్ గడువులు కూడా మారవు. రాక్‌షాక్స్ వాళ్లు డీలక్స్ రకాలకి 50 గంటల తొక్కుడికి ఒకసారి ఎయిర్ క్యాన్ సర్వీస్, 200 గంటలకి డ్యాంపర్ (లోపలి నూనె భాగం) సర్వీస్ చెయ్యమంటారు. ఫాక్స్ వాళ్లు 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటారు. బురదలో తొక్కేవాళ్లు ఆ గడువుకంటే ముందే ఎయిర్ క్యాన్ విప్పి గ్రీజు మార్చాలి. గ్రీజు నల్లగా, వేళ్ల మధ్య గరగరగా తగిలితే మీ రక్షణ సరిపోలేదని తెలుసుకోండి. సీల్ కిట్ మే నెలలోనే తెప్పించి పెట్టుకోండి. ఆర్డర్ చేసేముందు ఫాక్స్ అయితే షాక్ మీదున్న నాలుగు అక్షరాల కోడ్, రాక్‌షాక్స్ అయితే సీరియల్ నంబర్ ఫోటో తీసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు షాకులకి సీళ్లు వేరువేరుగా ఉంటాయి.